లీన్ థింకింగ్: స్టాక్ తగ్గించడమే లీన్ కాదు.. మరి టయోటా చిప్‌లు ఎందుకు దాచిపెట్టింది?

చేతిలో ఆర్డర్లు ఉన్నాయి. మెషీన్లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా నెలాఖరు వస్తే జీతాలకు డబ్బు సర్దడం కష్టమైపోతోంది. చాలా చిన్న పరిశ్రమల్లో కనిపించే పరిస్థితి ఇదే. మరి డబ్బంతా ఎక్కడికి పోయింది? కొంత గోడౌన్‌లో ముడిసరుకుగా, కొంత సగం పూర్తయిన పనిగా, ఇంకొంత వాపస్ వచ్చిన సరుకుగా ఇరుక్కుపోయి ఉంటుంది. ఈ వృథాను వెతికి పట్టుకుని తగ్గించే ఆలోచనా విధానమే లీన్ థింకింగ్. అయితే లీన్ అంటే స్టాక్ ఖాళీ చేయడం, మనుషుల్ని తీసేయడం అని చాలామంది అనుకుంటారు. అసలు విషయం వేరే ఉంది.

కష్టాల్లోంచి పుట్టిన పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో కార్లు, ట్రక్కుల అమ్మకాలు పడిపోయాయి. 1950 నాటికి టయోటా దివాలా అంచుకు చేరింది. కార్మికులు సమ్మెకు దిగారు. వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. కంపెనీ వ్యవస్థాపకుడు కీచిరో టయోడా కూడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. అమెరికా కంపెనీల్లా భారీగా తయారు చేసి గోడౌన్లు నింపే స్తోమత టయోటాకు లేదు.

ఆ సమయంలో ఇంజినీర్ తైచీ ఓనో కొత్త దారి వెతికారు. 1956లో అమెరికా వెళ్లిన ఆయన కార్ల ఫ్యాక్టరీలు చూశారు. కానీ ఆయనను బాగా ఆకట్టుకున్నది అక్కడి సూపర్ మార్కెట్. కస్టమర్ తనకు కావాల్సినంతే తీసుకుంటాడు. ఖాళీ అయిన అరను మాత్రమే మళ్లీ నింపుతారు. ఫ్యాక్టరీలోనూ ఇదే సూత్రం. ముందు విభాగం తోచినంత తయారు చేసి తర్వాతి విభాగం మీదకు నెట్టకూడదు. తర్వాతి విభాగం అడిగినప్పుడు, అడిగినంతే ఇవ్వాలి. దీనికి వాడిన కార్డు పేరే కాన్బాన్.

రెండో సూత్రం ఇంకా పాతది. కీచిరో తండ్రి సకీచి టయోడా తయారు చేసిన మగ్గం, దారం తెగితే దానంతట అదే ఆగిపోయేది. తప్పు బట్ట గజాల కొద్దీ నేసే బదులు, తప్పు దొరికిన చోటే ఆగాలి. టయోటా ప్లాంట్లలో లోపం కనిపిస్తే కార్మికుడే తాడు లాగి హెచ్చరిస్తాడు. సమస్య తీరకపోతే లైన్ ఆగుతుంది.

ఈ పద్ధతికి లీన్ అనే పేరు మాత్రం అమెరికాలో వచ్చింది. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ తన వ్యాసంలో ఈ మాట వాడారు. 1996లో జేమ్స్ వోమాక్, డేనియల్ జోన్స్ రాసిన 'లీన్ థింకింగ్' పుస్తకంతో ఇది ఫ్యాక్టరీలు దాటి ఇతర రంగాలకూ వెళ్లింది.

ఏడు రకాల వృథా ఇవే

ఓనో వృథాను ఏడు రకాలుగా విభజించారు.

- అవసరానికి మించి తయారు చేయడం
- మెటీరియల్ కోసమో, సంతకం కోసమో ఎదురుచూడడం
- సరుకును అటూ ఇటూ మోయడం
- కస్టమర్‌కు అక్కర్లేని పని చేయడం
- స్టాక్ పేరుకుపోవడం
- పనిముట్ల కోసం తిరగడం లాంటి అనవసర కదలికలు
- లోపాలున్న సరుకు, దాన్ని మళ్లీ చేయడం

వీటిలో మొదటిదే అన్నిటికంటే ప్రమాదం అంటారు ఓనో. ఎందుకంటే ఎక్కువ తయారు చేస్తే మిగతా వృథాలు దాని వెనకే వస్తాయి.

చిన్న లెక్క చూద్దాం

ఉదాహరణకు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో రోజుకు 5 గేట్లు పూర్తవుతాయి అనుకుందాం. సగం సగం పనిలో ఉన్నవి 60. అంటే కొత్తగా వచ్చిన ఆర్డర్ వంతు వచ్చి పూర్తి కావడానికి 12 రోజులు పడుతుంది. నిజానికి ఒక గేటు మీద చేతులు పనిచేసేది కొన్ని గంటలే. మిగతా సమయమంతా అది మూలన నిలబడే ఉంటుంది.

అదే షెడ్‌లో ఒకేసారి 20 గేట్లు మాత్రమే పనిలో ఉంచితే? రోజుకు 5 చొప్పునే పూర్తయినా డెలివరీ 4 రోజుల్లో అయిపోతుంది. కొత్త మెషీన్ కొనక్కర్లేదు. బిల్లు త్వరగా వేయొచ్చు, ఇనుము మీద పెట్టిన డబ్బూ త్వరగా తిరిగొస్తుంది. చేయాల్సిందల్లా ఒక్కటే.. ఉన్నవి పూర్తయ్యే కొద్దీ కొత్తవి మొదలుపెట్టాలి.

మనుషుల్ని తీసేస్తే లీన్ అవుతుందా?

అవ్వదు. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలోనే ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంట్ ఒకటి గైర్హాజరు, నాణ్యత లోపాలతో పేరు పోగొట్టుకుని 1982లో మూతపడింది. టయోటాతో కలిసి 1984లో దాన్ని నమ్మి పేరుతో మళ్లీ తెరిచారు. చేరిన కార్మికుల్లో ఎక్కువ మంది పాతవాళ్లే. అయినా కొద్దికాలంలోనే నాణ్యతలో జనరల్ మోటార్స్ ప్లాంట్లలో ముందు వరుసకు చేరింది. తర్వాత అమ్మకాలు తగ్గినప్పుడు కూడా కార్మికులను తీసేయలేదు. ట్రైనింగ్‌లో, పని పద్ధతులు మెరుగుపరిచే పనుల్లో పెట్టారు.

కారణం తేలిగ్గా అర్థమవుతుంది. పది నిమిషాలు ఆదా అయ్యే ఉపాయం చెబితే తన ఉద్యోగమే పోతుందని తెలిస్తే, ఏ కార్మికుడూ నోరు విప్పడు.

స్టాక్ సున్నా చేస్తే?

ఇక్కడ టయోటాకూ దెబ్బలు తగిలాయి. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సంస్థ ప్లాంట్‌లో మంటలు చెలరేగాయి. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్ దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. చేతిలో స్టాక్ లేక జపాన్‌లోని టయోటా ప్లాంట్లు వరుసగా ఆగిపోయాయి. ఇతర సప్లయర్లు తమ షాపుల్లోనే ఆ వాల్వ్ తయారు చేసి ఇవ్వడంతో కొద్ది రోజుల్లో కోలుకుంది.

2011 భూకంపం, సునామీ తర్వాత మాత్రం నెలలు పట్టింది. అప్పుడు టయోటా ఏ పార్టులు ఆగితే తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుందో గుర్తించింది. చిప్‌ల విషయంలో 2 నుంచి 6 నెలల స్టాక్ ఉంచాలని సప్లయర్లకు చెప్పింది. అందుకే 2021 మొదట్లో చిప్‌ల కొరతతో చాలా కంపెనీలు లైన్లు ఆపినా టయోటా నిలబడగలిగింది. అయితే ఆ ఏడాది సెప్టెంబర్‌లో టయోటా కూడా ప్రపంచవ్యాప్త ఉత్పత్తి ప్రణాళికను 40 శాతం తగ్గించక తప్పలేదు. స్టాక్ సమయం ఇస్తుంది, పూర్తి రక్షణ ఇవ్వదు.

అంటే కారణం తెలిసి పెట్టుకున్న స్టాక్ వృథా కాదు. ఎందుకు ఉందో ఎవరూ చెప్పలేని స్టాకే వృథా. ప్రతి ముఖ్యమైన మెటీరియల్‌కు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఆగితే మళ్లీ ఎన్ని రోజులకు వస్తుంది? ఇంకొకరు ఇవ్వగలరా?

ప్రభుత్వ సాయం ఉందా?

ఉంది. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2023 మార్చిలో ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ పథకాన్ని ప్రారంభించింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు దశలు ఉంటాయి. ప్రారంభించినప్పటి నిబంధనల ప్రకారం కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు మరో 5 శాతం అదనం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్లు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

- ఒకే ఒక్క ఆర్డర్ ఎంచుకుని, ఫోన్ వచ్చినప్పటి నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా తేదీలు రాయాలి. ఎక్కువ రోజులు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.
- ఒకేసారి ఎన్ని పనులు నడవాలో పరిమితి పెట్టుకోవాలి.
- తప్పు జరిగితే ఎవరు చేశారని కాకుండా, ఎందుకు జరిగిందని అడగాలి. మూలం దొరికేదాకా మళ్లీ మళ్లీ అడగాలి.
- ఉపాయం చెప్పిన వాళ్ల ఉద్యోగానికి ఢోకా ఉండదని ముందే హామీ ఇవ్వాలి.

ఈ నాలుగింటికీ పెట్టుబడి అక్కర్లేదు. నోట్‌బుక్ ఒకటి, షాప్ ఫ్లోర్‌లో రోజూ ఓ అరగంట నిలబడి చూసే ఓపిక ఉంటే చాలు.