నాలుగో సంతకం

రాజమండ్రి ఇన్నీసుపేటలో మేష్టారి ఇల్లంటే ఒకప్పుడు రిక్షావాళ్ళకు గుమ్మం నంబరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు అదే వీధిలో నిలబడి అడిగితే కుర్రాళ్ళు తెల్లమొహం వేస్తారు. ఆ ఇల్లు ఎలా పోయిందో తెలిసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం.

మండువా ఇల్లు. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి వీధిలోకి పోయేవి. ఆ చప్పుడులోనే మేష్టారు గొంతు పెంచి లెక్కలు చెప్పేవారు. స్తంభాలు బర్మా టేకు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు లంకల్లోంచి వచ్చిన చుట్టాలూ, వాళ్ళ చుట్టాలూ ఆ వసారాల్లోనే చాపలు పరుచుకున్నారు. పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, గంగాళాలతో అన్నం వండించి పెట్టారు అమ్మగారు.

జీతంలో మిగిల్చిన డబ్బుతో మేష్టారు ఎవరో పాతకాలం వాళ్ళ దగ్గర కొన్న ఇల్లది. పూర్తిగా స్వార్జితం. వీలునామా రాయమని ఎవరైనా అంటే, "ముగ్గురూ నా చేతిలో పెరిగినవాళ్ళే, వాళ్ళ మధ్య కాగితం ఎందుకయ్యా" అనేవారు. రాయకుండానే పోయారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన మగవాడి స్వార్జితం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమానంగా వస్తుంది. అంటే ఆ ఇంట్లో నాలుగు వాటాలు: అమ్మగారిది, హైదరాబాదులో ఉన్న పెద్దకొడుకుది, డాలస్‌లో ఉన్న చిన్నకొడుకుది, వైజాగ్‌లో కాపురం ఉంటున్న కూతురిది. కట్నం ఇచ్చి పెళ్ళి చేశాం కదా, ఇంకేం వాటా అనే మాట మన ఇళ్ళలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, చదువుకున్న ఆ ఇద్దరు కొడుకులకూ అదే చట్టమనిపించింది.

పక్కింటి డాక్టరుగారు మొదట అడిగారు. మొత్తం చెక్కు మీదే ఇస్తానన్నారు, గజం రేటు కూడా వీధిలో నడుస్తున్నదే. పెద్దకొడుకు ఒప్పుకోలేదు. "ఈ టేకు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ" అన్నాడు. ఆ మాటలో అత్యాశ ఉందని నేననుకోను. చిన్నప్పుడు ఆ స్తంభాలను పట్టుకుని తిరిగినవాడు. కానీ కొనేవాడు చూసేది స్థలాన్నీ, రోడ్డు వెడల్పునీ. వాడి లెక్కలో మన జ్ఞాపకాలకు గజం రేటు లేదు. ఆ తర్వాత ఇంటిని నలుగురు బ్రోకర్లకు అప్పజెప్పారు. నలుగురూ నాలుగు ధరలు చెప్పుకుంటూ తిరిగారు. చివరికి "ఆ ఇల్లింకా అమ్ముడుపోలేదా, ఏదో తిరకాసుంది" అనే మాట ఊళ్ళో పుట్టింది. అప్పటికి ఆ ఇంట్లో ఏ తిరకాసూ లేదు.

అలా రెండేళ్ళు విసిగాక ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి వచ్చాడు. అగ్రిమెంటు నాడు నేనూ ఆ వసారాలో ఉన్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అప్పటికే టైపు చేయించుకొచ్చాడు. రిజిస్ట్రేషన్ ఎన్నాళ్ళలోగా జరగాలో అందులో లేదు. ఆలోగా మిగతా సొమ్ము కట్టకపోతే ఏమవుతుందో అంతకన్నా లేదు. అడ్వాన్సు అంతా నగదు. కట్టలు పేపర్లో చుట్టి అమ్మగారి ఒళ్ళో పెట్టాడు. ఆవిడ లెక్కపెట్టలేదు, లేచి దేవుడి దగ్గర పెట్టి వచ్చారు. వచ్చి కూర్చుంటూ, "చెల్లాయితో చెప్పారట్రా?" అన్నారు.

"రిజిస్ట్రేషన్ నాడు పిలుద్దాంలే అమ్మా. ఒక్క సంతకమేగా."

ఇల్లు కూలడం ఆ వాక్యంతోనే మొదలైందని నా నమ్మకం. మిగతావన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం చెబుతోంది. పుచ్చుకున్నంత సొమ్మూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. దానికైనా ఆడిటరును కలిసి ఏదో దారి వెతకవచ్చు. డాలస్ నుంచి చిన్నకొడుకు పంపిన పవరాఫ్ అటార్నీ, ఇక్కడ చేతికందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించకపోవడంతో సొరుగులోనే చెల్లకుండా పోయింది. అదీ ఇంకొకటి రాయించి తెప్పించుకోవచ్చు. మనసు విరిగితే మాత్రం కొత్త స్టాంపు కాగితం మీద రాయించుకోలేం.

కూతురికి ఆ కబురు చెప్పింది బయటివాళ్ళు. ఎవరింట్లోనో పెళ్ళిలో, "మీ పుట్టిల్లు బేరం కుదిరిందటగా" అని ఒకావిడ అడిగింది. ఆ రాత్రే పెద్దన్నకు ఫోను చేసింది. "నన్నడిగితే కాదంటానా అన్నయ్యా? నాకు వాటా వద్దనే చెబుదామనుకున్నాను. ఇప్పుడు మాత్రం సంతకం పెట్టను."

ఆ వ్యాపారి మిగతా సొమ్ము కట్టలేదు. అగ్రిమెంటు చేతిలో పెట్టుకుని ఎక్కువ ధరకు ఇంకొకరికి తిప్పాలని చూశాడు. వీళ్ళు రద్దు చేస్తామనగానే లాయరు నోటీసు ఇచ్చి, ఒప్పందం ప్రకారం రిజిస్టరు చేయించాలని కోర్టుకెక్కాడు. ఇలాంటి దావాకు గడువు మూడేళ్ళు. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. తేదీ లేకపోతే, అమ్మనని చెప్పినట్టు అవతలివాడికి తెలిసిన రోజు నుంచి. రాయని ఒక్క తేదీ అతనికి అంత వెసులుబాటు ఇచ్చింది. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే కాబట్టి ఇంకో బేరగాడు గుమ్మం తొక్కలేదు.

వాయిదాలు సాగాయి. తిరగనేత వేయించే దిక్కు లేక పెంకులు జారాయి. పడమటి వసారా ఒక వానాకాలంలో కూలింది. అమ్మగారిని పెద్దకొడుకు హైదరాబాదు తీసుకెళ్ళాడు. ఆరో అంతస్తులో అపార్ట్‌మెంటు. వానొస్తే చప్పుడే వినపడదురా అనేవారట. ఇల్లు అమ్మితే గోదావరి గట్టు దగ్గర రెండు గదుల పోర్షన్ తీసుకుని ఉంటానని ఆవిడ నాతో రెండు మూడుసార్లు అన్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. దావా తేలకుండానే పోయారు.

పదకొండో రోజున ఆ ముగ్గురూ ఒకచోట కూర్చున్నారు. రాజీ కుదిరింది. వ్యాపారికి అడ్వాన్సుతో పాటు నష్టపరిహారం కూడా ఇచ్చి వదిలించుకున్నారు. స్థలం అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరుకు పోయింది. టేకు స్తంభాల సంగతి దస్తావేజులో రాయించుకోవాలని ఎవరికీ తట్టలేదు, వాటిని ఇల్లు పడగొట్టిన కాంట్రాక్టరు విడిగా అమ్ముకున్నాడు. విదేశంలో ఉన్నవాడి వాటాకు కొనేవాడే పన్ను మినహాయించి కట్టాలి. తక్కువ మినహాయింపు సర్టిఫికెట్ ముందుగా తెచ్చుకోలేదు కనక చిన్నకొడుకు సొమ్ములో పెద్ద భాగం రిటర్ను దాఖలు చేసేదాకా ఇరుక్కుపోయింది.

అమ్మగారి వాటా ఇప్పుడు ముగ్గురికీ పంచాలి. అందుకు మునిసిపాలిటీ నుంచి ఆవిడ మరణ ధ్రువపత్రం, తాసిల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. ఈసారి ఆ ఆఫీసుల చుట్టూ తిరిగింది కూతురే.