కంపెనీ మునిగింది, కాలువ పారుతోంది: కేసీ కెనాల్ చెప్పే బీసీపీ పాఠం

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే రోడ్డులో, చాపాడు దగ్గర బండి ఆపినా. చుట్టూ కేసీ కెనాల్ ఆయకట్టు. ఈ నీళ్ల వెనక, చేతులెత్తేసిన ఒక లండన్ కంపెనీ కథ ఉంది.

నేను జాబ్ చేసేటప్పుడు ఏడాదికోసారి బీసీపీ డ్రిల్ ఉండేది. బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ అన్నమాట. సర్వర్ పడిపోయినా, ఆఫీసు మునిగినా పని ఆగకుండా ముందే వేసుకునే ప్లాన్. మేం టిక్కులు పెట్టేసి టీకి పోయేవాళ్లం. దాని అసలు అర్థం నాకు ఈ గట్టు మీదే తెలిసింది.

1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టినారు. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. 10 లక్షల పౌండ్ల పెట్టుబడి, దానిమీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వ గ్యారంటీ. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వినారు. సాగుకు నీళ్లు, పడవలకు దారి, రెండిట్లోనూ ఆదాయం వస్తుందని లెక్క.

లెక్క తప్పింది. నల్లరేగడిలో జొన్న వేసుకునే రైతుకు మామూలు ఏడాదిలో డబ్బు కట్టి నీళ్లు కొనాల్సిన పని లేదు. కరువొస్తేనే గిరాకీ, వానలు పడితే లేదు. ఖర్చు మాత్రం ఆగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

ఇక్కడ గమనించండి. కంపెనీ పోయింది గానీ నీళ్లు ఆగలేదు. బీసీపీలో మొదటి ప్రశ్న ఇదే: మనం కాపాడాల్సింది బోర్డు మీది పేరునా, జనం ఆధారపడిన పనినా?

రెండో ప్రశ్న: ఒక్కచోట తెగితే మొత్తం ఆగుతుందా? 2009 అక్టోబరు వరదకు సుంకేసుల బ్యారేజీ దెబ్బతినింది. తల దగ్గర దెబ్బ తగిలితే ముందు ఎండేది తోక, అంటే చాపాడు లాంటి ఊర్లు. అందుకే రెండో దారి కావాలి. అది ఉంది కూడా. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా నిప్పులవాగులో పడి, కుందూ గుండా కింది ఆయకట్టుకు వస్తాయి.

సూపర్ బ్యాకప్ కదా? ఒక్క నిమిషం. తుంగభద్ర పోయి కలిసేది కృష్ణలోనే, శ్రీశైలానికి పైనే. రెండు నదులూ పుట్టేది పడమటి కనుమల్లోనే. అక్కడ వాన మొహం చాటేస్తే రెండు దారులూ ఒకేసారి ఎండుతాయి. బ్యాకప్ సర్వర్‌ను కూడా అదే బిల్డింగ్‌లో పెట్టినట్టు! గట్టు తెగితే ఈ ప్లాన్ పనికొస్తుంది, కరువొస్తే చాలదు. అప్పుడు ఊరి చెరువు, భూమిలో నీళ్లు, తక్కువ తడితో పండే పైరు, ఇవే మూడో దారి.

మీ ఇంట్లో, మీ షాపులో కూడా ఇదే అడగండి. ఆగకూడని పని ఏది? దానికి రెండో దారి ఉందా? ఆ రెండోది కూడా మొదటిదాని మీదే ఆధారపడి లేదు కదా?

మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్.