వచ్చే ఏడాది చూద్దాం

పండగ కన్నా పండగ ముందు పదిరోజులే బాగుంటాయని నాకెప్పుడూ అనిపిస్తుంది. పండగనాడు ఏముంటుంది చెప్పండి? పొయ్యి దగ్గర నిలబడడం, వచ్చినవాళ్ళకి వడ్డించడం, సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చోవడం. అసలు సరదా అంతా ముందే అయిపోతుంది. ఇంటికి వెల్ల వేయించడంలో, అరిసెలకి బియ్యం నానబోయడంలో, పెద్దమ్మాయి ఏ బండికి దిగుతుందో అని లెక్కలు కట్టుకోవడంలో ఉన్న ఉత్సాహం పండగ సాయంత్రం ఎంత వెతికినా కనిపించదు.

అమెరికాలో చిన్న చిన్న కాలేజీలున్న ఊళ్ళవాళ్ళకి ఆగస్టు నెల అచ్చంగా ఇలాంటిదే. సెప్టెంబరు మొదట్లో ఫుట్‌బాల్ ఆటలు మొదలవుతాయి. ఆగస్టులోనే కుర్రాళ్ళంతా కాలేజీకి చేరుకుని ఎండలో సాధన మొదలుపెడతారు. కిందటేడు ఆడినవాళ్ళలో కొందరు చదువు ముగించుకుని వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళ చోట కొత్త మొహాలు. వీళ్ళలో ఎవడు పరిగెత్తగలడో, ఎవడు బంతి జారవిడుస్తాడో ఇంకా ఎవరికీ తెలీదు. తెలీదు కనకనే అందరికీ ఆశ. ఒక్క ఆటా ఓడిపోని నెల అదొక్కటే మరి!

ఫుట్‌బాల్ అన్నాను గాని, మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదిది. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొనలూ సన్నబడి పెద్ద పనసగింజలా ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. పక్కకి పదకొండుమంది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు మీదపడి పడగొడతారు. మన కబడ్డీలో కూతకి వెళ్ళినవాణ్ణి కాళ్ళు పట్టి లాగేస్తారు చూడండి, అలాగన్నమాట. అందర్నీ తప్పించుకుని అవతలివాళ్ళ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ఈ ఆరు అంకె కాస్త గుర్తుంచుకోండి. దానికో కథ ఉంది.

కెంటకీ రాష్ట్రంలో డాన్విల్ అనే ఊళ్ళో సెంటర్ కాలేజీ ఉంది. 1819 నాటిది. 1920 ప్రాంతంలో అక్కడ చదివేవాళ్ళు మూడు వందల మందికి మించరు. మన ఊళ్ళలో ఒక మాదిరి హైస్కూలుకే అంతకన్నా ఎక్కువ పిల్లలుంటారు. అలాంటి కాలేజీకి ఒక మంచి జట్టు ఎలా వచ్చిందంటారా? అక్కడే చదివిన మయర్స్ అనే ఆయన దూరాన టెక్సాస్‌లో, ఫోర్ట్‌వర్త్ ఊళ్ళో ఒక హైస్కూలు కుర్రాళ్ళకి ఆట నేర్పాడు. కుర్రాళ్ళు గట్టివాళ్ళు. వాళ్ళని తను చదివిన కాలేజీకి తీసుకురావాలని ఆయన తపన. వాళ్ళలో బో మెక్‌మిలిన్ అనే వాడికి కాలేజీలో చేరడానికి చదువు చాలకపోతే, కెంటకీలోనే ఇంకో హైస్కూల్లో ఒక ఏడాది కూర్చోబెట్టి మరీ చేర్పించారు. కొన్నాళ్ళకి మయర్స్ ఇలా కుదరదని, తనకన్నా అనుభవం ఉన్న చార్లీ మోరన్‌ని కోచ్‌గా తెచ్చి తాను పక్కకి తప్పుకున్నాడు. పక్కకి తప్పుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు, ఆయన్ని మెచ్చుకోవాలి. మోరన్ ఎండాకాలమంతా పెద్ద బేస్‌బాల్ పోటీల్లో అంపైరు, చలి మొదలయ్యే వేళకి ఇక్కడ కోచ్. జనం ఆయన్ని ‘అంకుల్ చార్లీ’ అనేవారు. ఆటకి ముందు జట్టంతా ప్రార్థన చేసుకునేది. అందుకని పత్రికలవాళ్ళు వీళ్ళకి ‘ప్రార్థన చేసే కర్నల్స్’ అని పేరు పెట్టారు.

ఈ చిన్న జట్టు 1920 అక్టోబరులో హార్వర్డ్ మీద ఆడడానికి వెళ్ళింది. హార్వర్డ్ అంటే తెలుసుగా! అప్పట్లో చదువుల్లోనే కాదు, ఈ ఆటలోనూ వాళ్ళదే పైచేయి. కొంతకాలంగా వాళ్ళని ఓడించినవాళ్ళు లేరు. సగం ఆట అయ్యేసరికి చెరి పధ్నాలుగు పాయింట్లు. చూసేవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత చిన్నవాళ్ళు అలిసిపోయారు, మార్చడానికి చాలినంత మంది లేరు. చివరికి హార్వర్డ్ 31, సెంటర్ 14.

ఆట అయ్యాక హార్వర్డ్ నాయకుడు మర్యాదకి ఆ బంతిని జ్ఞాపకంగా తీసుకెళ్ళమన్నాడట. మెక్‌మిలిన్ వద్దన్నాడట. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాం, గెలిచి తీసుకెళ్తాం అన్నాడని చెప్పుకుంటారు.

ఆ మాట పట్టుకుని ఒక ఊరు ఊరంతా ఏడాది పాటు ఎదురు చూసింది. రేడియో ఇంకా ఇళ్ళలోకి రాని రోజులు. అక్కణ్ణుంచి బోస్టన్ రైల్లో వెళ్ళాలంటే చాలా దూరం. వెళ్ళి చూడగలిగినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళందరికీ ఆ ఆట తంతివార్తలోనూ, మర్నాటి పేపర్లోనూ మాత్రమే ఉంటుంది. అయినా వాళ్ళదే ఆ ఆట. ఆడేవాళ్ళు ఎవరు? తమ ఊరి వీధుల్లో తిరిగే కుర్రాళ్ళు, తమ పక్కన కూర్చుని ప్రార్థన చేసే కుర్రాళ్ళు. పెద్ద యూనివర్సిటీ అభిమాని ఆటగాణ్ణి ఎక్కడో మెట్లమీద కూర్చుని చూస్తాడు. చిన్న కాలేజీ అభిమానికి ఆ పిల్లవాడు ఎదురుపడితే ‘ఏం బాబూ, చెయ్యి నొప్పి తగ్గిందా?’ అని అడిగే చనువుంటుంది. తేడా అంతా అక్కడే ఉందని నా ఉద్దేశం.

1921 అక్టోబరు 29. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ ఒక్క పాయింటు లేదు. తర్వాత కాసేపటికి బంతి మెక్‌మిలిన్ చేతికొచ్చింది. కుడివైపు వెళ్తున్నట్టే వెళ్ళి, మలుపు తిరిగి, మీదపడేవాళ్ళని తప్పించుకుని 32 గజాలు పరిగెత్తి గీత దాటాడు. దాంతో ఆరు పాయింట్లు. ఆపైన బంతిని తన్ని తెచ్చుకోవలసిన ఒక్క పాయింటు తప్పిపోయింది. ఇక మిగిలిన ఆటంతా హార్వర్డ్‌ని ఆపడమే పని. ఆపారు. సెంటర్ 6, హార్వర్డ్ 0.

కబురు అందగానే డాన్విల్‌లో జనం సున్నం, రంగూ డబ్బాలు పట్టుకుని బయల్దేరారు. సెంటర్‌కి సీ, హార్వర్డ్‌కి హెచ్. ‘సీ6 హెచ్0’ అని ఆ ఊళ్ళో ఖాళీగా కనబడ్డ ప్రతి గోడ మీదా రాసేశారు. ఆవుల్ని కూడా వదల్లేదంటారు, పాపం! చూడ్డానికి రసాయనశాస్త్రంలో సూత్రంలా ఉంటుంది గాని అలాంటి పదార్థం ప్రపంచంలో లేదు. లేనిది సాధించాం కదా అని వాళ్ళ మురిపెం. ఆ క్షణాన కెంటకీ గవర్నరుగా ఉండడం కన్నా బో మెక్‌మిలిన్‌గా ఉండడమే నయమని సాక్షాత్తూ గవర్నరుగారే అన్నారని చెప్పుకుంటారు.

ఇంత గొప్ప కథకి ఒక పెళ్ళి కూడా ఉంది. 1922 జనవరి 2న ఈ జట్టు టెక్సాస్‌లో ఆడవలసి ఉంది. మెక్‌మిలిన్‌కి అది సొంత ప్రాంతం. చదువుకునే రోజుల్నుంచీ మనసిచ్చిన అమ్మాయి అక్కడే ఉంది. ఎలాగూ వస్తున్నాం కదా అని ఆ ఉదయమే పెళ్ళి పెట్టుకున్నాడు. పొద్దున పెళ్ళి, మధ్యాహ్నం ఆట! పసుపు బట్టలతో పందెంలోకి దిగినట్టే. ఆ రోజు టెక్సాస్ ఏ అండ్ ఎం కాలేజీ చేతిలో 22–14 తేడాతో ఓడిపోయారు. పెళ్ళికూతురు ఏమనుకుందో ఏ పుస్తకమూ రాయలేదు. చరిత్ర రాసేవాళ్ళకి అలాంటివి పట్టవు.

ఆ ఆటలోనే ఇంకొకటి జరిగింది. టెక్సాస్ జట్టులో ఒక్కొక్కరే దెబ్బలు తగిలి కూలబడుతుంటే, పైన పత్రికలవాళ్ళతో కూర్చున్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ కిందికి పిలిచాడు. అతను ఆట దుస్తులు తొడుక్కుని ఆట ముగిసేవరకూ పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. లోపలికి దిగే అవసరం రాలేదు. ఒట్టినే నిలబడ్డాడు, అంతే. ఆ నిలబడడాన్నే ఆ కాలేజీవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆట జరిగినంతసేపూ విద్యార్థులంతా కూర్చోకుండా నిలబడే ఉంటారు, పన్నెండో ఆటగాళ్ళం మేమేనంటారు.

మళ్ళీ సెంటర్ దగ్గరికి వద్దాం. కాలం మారింది. పెద్ద యూనివర్సిటీలు లక్ష మంది పట్టే స్టేడియాలు కట్టాయి, ఆటగాళ్ళకి స్కాలర్‌షిప్పులిచ్చాయి. చిన్నవాళ్ళు పోటీపడలేక వెనక వరసలోకి వెళ్ళిపోయారు. 1973లో అలాంటి కాలేజీలన్నిటికీ మూడో తరగతి అని ఒకటి విడిగా ఏర్పాటుచేశారు. తరగతి మూడోదే గాని అందులో ఒక నియమం నాకెంతో నచ్చింది. ఆట ఆడతాడని ఏ కుర్రాడికీ స్కాలర్‌షిప్పు ఇవ్వకూడదు. అంటే అక్కడ ఆడే పిల్లవాడు అందరిలాగే చదువు ఖర్చు చూసుకుంటూ, పరీక్షలు రాస్తూ, ఆట మీద ప్రేమకొద్దీ దెబ్బలు తింటాడన్నమాట.

దెబ్బలంటే గుర్తొచ్చింది. ఈ ఆటలో ప్రాణాలే పోయిన రోజులున్నాయి. 1905లో అలా కుర్రాళ్ళు చనిపోతుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలేజీవాళ్ళని పిలిచి ఆట మార్చమన్నాడు. నియమాలు మారాయి గాని తల్లుల భయం మారలేదు. ఆ భయం తెలిసినట్టు నడుచుకున్న కోచ్ ఒకాయన మిన్నెసోటాలో ఉండేవాడు. సెయింట్ జాన్స్ కాలేజీ జాన్ గాలియార్డి. తన హైస్కూలు కోచ్ యుద్ధానికి వెళ్ళిపోతే పదహారో ఏటే ఆ పని నెత్తినేసుకున్నాడు. ఆపైన సెయింట్ జాన్స్‌లోనే 1953 నుంచి 2012 దాకా ఉన్నాడు. ఆయన సాధనలో ఒకర్నొకరు పడగొట్టుకోకూడదు. ఈల ఊదడం ఉండదు. ‘కోచ్ గారూ’ అనకూడదు, ‘జాన్’ అనాలి. దోమలు ఎక్కువైతే సాధన మానేసి ఇంటికి పోవచ్చు! ఇంత మెత్తగా ఉంటే ఏం గెలుస్తారు అంటారేమో. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ కోచ్‌కీ లేనన్ని గెలుపులు, 489, ఆయనవే. పిల్లల్ని గదమాయించి పెంచేవాళ్ళు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

సెంటర్ కాలేజీలో ఇంకో అభిమాని ఉన్నాడు. పేరు ఫ్రెడ్ విన్సన్. అక్కడ చదివి, అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగిన మనిషి. ఎంత ఎదిగినా కాలేజీ ఆటలంటే ప్రాణం. 1953 సెప్టెంబరులో, సరిగ్గా ఆటలు మొదలయ్యే రోజుల్లో పోయాడు. ఆయన ఉన్న విద్యార్థి సంఘం కుర్రాళ్ళు ఆయన నిలువెత్తు జ్ఞాపకంగా ఉన్న పటాన్ని ఫుట్‌బాల్ ఆటలకి మోసుకెళ్ళడం మొదలుపెట్టారు. ‘డెడ్ ఫ్రెడ్’ అని ముద్దుపేరు. మనం తాతగారి పటానికి దండ వేసి గోడకి తగిలిస్తాం. వాళ్ళు తాతగారిని ఆటకి తీసుకెళ్తారు. మొదట నవ్వొచ్చింది గాని, ఆలోచిస్తే ఇందులో భక్తికేం తక్కువ లేదు.

ఇంతలేసి ఎదురుచూపులూ ఒక ఏడాది ఉత్తవయ్యాయి. 2020 ఆగస్టులో కోవిడ్ వల్ల మూడో తరగతి పోటీలు రద్దయ్యాయి. చాలా కాలేజీల మైదానాల్లో ఆ శరదృతువులో గడ్డి పెరిగింది తప్ప ఆట లేదు. ఆఖరి ఏడాది చదివే కుర్రాళ్ళకి ‘వచ్చే ఏడాది’ అని చెప్పడానికి లేకపోయింది. అయినా ఆ నష్టం నాలుగేళ్ళ చదువులో ఒక్క ఏడాదిది. అంతకన్నా పెద్దది ఇంకోటుంది.

చిన్న కాలేజీలకి ఎప్పుడూ డబ్బు ఇబ్బందే. ఫీజు కట్టే పిల్లలు ఏటా సరిపడా చేరితేనే బతుకు. ఫుట్‌బాల్ జట్టు ఉంటే దానికోసం కొందరు కుర్రాళ్ళు వస్తారు, ఫీజులు కడతారు. అందుకే చాలా చిన్న కాలేజీలు ఎప్పుడో మానేసిన ఆటని మళ్ళీ మొదలెట్టాయి. అలబామాలో బర్మింగ్‌హామ్ సదరన్ అలాంటిదే. 1939లో మానేసి 2007లో మళ్ళీ జట్టు కట్టింది. సెంటర్‌తో ఏటేటా తలపడే కాలేజీల్లో అదొకటి. జట్టయితే వచ్చింది గాని కాలేజీకి అప్పుల బాధ తీరలేదు. 1856 నుంచీ ఉన్న ఆ కాలేజీ 2024 మే 31న మూతపడింది. మూతపడిన రోజున దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో జాతీయ పోటీల్లో ఆడుతూ ఉంది! కాలేజీ లేదు, జట్టుంది. అభిమానులు ఆ కుర్రాళ్ళ కోసం అంత దూరం వెళ్ళారు. రెండు రోజుల తర్వాత ఒక్క పరుగు తేడాతో ఓడిపోయేదాకా పక్కనే ఉన్నారు.

ఫుట్‌బాల్ వాళ్ళకి ఆ భాగ్యమూ లేదు. ఆ ఆగస్టుకి ఆ కుర్రాళ్ళు తలో కాలేజీలో చేరి, కొత్త రంగు చొక్కాలు తొడుక్కున్నారు. వాళ్ళ కోసం చూసే ఊరికి మాత్రం చూడడానికి ఆట లేదు.

డాన్విల్‌లో ఆ పాత రాతలన్నీ ఎండకీ వానకీ పోయాయి గాని, కాలేజీలో ఒక పాత భవనం గోడ మీద మాత్రం ‘సీ6 హెచ్0’ అలాగే ఉంచారు. ఏటా ఆగస్టులో కొత్తగా చేరిన పిల్లలు అదేమిటని అడుగుతారు. చెప్పడానికి ఎవరో ఒకరు అక్కడ ఉంటారు.