కమ్మరి కొలిమియు, తుపాకి చట్టమును

బీహారు రాష్ట్రమున గంగానదీ తీరమందు ముంగేరు అను పట్టణము గలదు. 1760లో బెంగాలు నవాబైన మీర్ ఖాసిం, ఆంగ్లేయుల కంటికి దూరముగా నుండగోరి, ముర్షిదాబాదును విడిచి తన రాజధానిని అచ్చటికి మార్చుకొనెను. ఆర్మీనియా జాతివాడగు గుర్గిన్ ఖాన్ అతని సేనాని. వాని పర్యవేక్షణలో అచ్చట ఫిరంగులు పోతపోసిరి, తుపాకులు చేసిరి. 1763లో ముంగేరు కోట ఆంగ్లేయుల వశమయ్యెను. నవాబు రాజ్యము పోయెను గాని కొలిమి చల్లారలేదు. తండ్రి చేతి పనిని కొడుకు నేర్చుకొనుట రాజు మారినంత మాత్రమున ఆగిపోవునది కాదు గదా!

1857 తిరుగుబాటుతో ప్రభుత్వపు దృష్టి ఈ కొలుముల మీద పడెను. ఆ సంవత్సరపు 28వ చట్టము ఆయుధముల దిగుమతిని, తయారీని, విక్రయమును అదుపులో పెట్టెను. దాని వెనుకనే 1860లో 31వ చట్టము వచ్చెను. అయినను అందరు ఎరిగినది, అందరు ద్వేషించినది 1878 నాటి ఆయుధ చట్టము. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టమును లిట్టన్ ప్రభువు ఆ సంవత్సరముననే తెచ్చెను. పత్రికల చట్టమును రిప్పన్ ప్రభువు కాలమున రద్దు చేసిరి. ఆయుధ చట్టము మాత్రము ఎనుబది యేండ్లకు పైగా నిలిచెను.

ఆ చట్టము ఐరోపా వారిని విడిచి భారతీయులను పట్టుకొనెనని నాటి నాయకులు చేసిన ఆక్షేపణ న్యాయమైనదే. కాని కమ్మరిని గూర్చి అది చెప్పిన మాటను పరికించినవారు తక్కువ. దాని 5వ విభాగము ప్రకారము లైసెన్సు లేనిదే ఆయుధమును చేయరాదు, అమ్మరాదు. అయితే అచ్చటనే ఒక మినహాయింపు కలదు. సొంత వాడుకకై న్యాయసమ్మతముగా ఉంచుకొన్న ఆయుధమును అర్హుడైన మరియొకనికి అమ్ముకొనవచ్చును; కొన్నవాని పేరును, చిరునామాను జిల్లా మేజిస్ట్రేటుకు గాని సమీపపు పోలీసు ఠాణాకు గాని తెలుపవలెను.

ఈ ద్వారము ఎవరికి తెరచియున్నది? లైసెన్సు పొంది తుపాకిని కొన్న జమీందారునకు. తన యింట తానే తుపాకి చేసికొన్న కమ్మరికి కాదు. అతడు చేయుటయే నేరమైనప్పుడు ఆ వస్తువు న్యాయముగా అతనిది కానేరదు. తనది కానిదానిని అమ్ముకొను హక్కు ఎక్కడిది? ఇనుమును కొన్నది తానే, కరగించినది తానే, చెమటయు తనదే. అయినను చట్టము దృష్టిలో ఆ తుపాకికి యజమాని లేడు, నేరస్థుడు మాత్రమే కలడు. ఆ నేరమునకు మూడేండ్ల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

తుపాకి దొరకని ఆ దినములలో ఆయుధము కోరినవారు దానిని ప్రభుత్వము వద్దనే వెదకవలసి వచ్చెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి తుపాకులను గైకొనుట తెలుగువారు మరువని ఘట్టము. 1931లో కరాచీ కాంగ్రెసు తన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చెను. కాని స్వతంత్ర భారత రాజ్యాంగమున ఆ హక్కు కానరాదు. సమావేశ స్వేచ్ఛ చెప్పిన చోట సయితము ఆయుధములు లేక, శాంతియుతముగా అను షరతు కలదు. దేశ విభజన నాటి నెత్తురును కన్నులార చూచినవారు అట్లు వ్రాయుటలో వింత లేదు.

1959లో పార్లమెంటు పాత చట్టమును త్రోసి కొత్త ఆయుధ చట్టమును చేసెను. అది 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చెను. సొంత ఆయుధమును అమ్ముకొను మినహాయింపు ఇందును నిలిచెను. నేటి పాఠము ప్రకారము అమ్మువాడు ముందుగానే వ్రాతమూలకముగా తెలియజేసి, 45 దినములు గడచిన పిమ్మటనే తుపాకిని చేతులు మార్చవలెను. 8వ విభాగము మరియొక తలుపును మూసెను: చేసినవాని పేరు, సంఖ్య లేదా ప్రభుత్వము ఆమోదించిన గుర్తు లేని తుపాకిని ఎవరును అమ్మరాదు. హిందీ ప్రాంతమున కట్టా యనియు, తెలుగునాట నాటు తుపాకి యనియు పిలుచు దానికి ఆ గుర్తు ఎట్లు వచ్చును? పేరు చెక్కినచో పట్టుబడును, చెక్కనిచో అమ్మరాదు.

తుపాకిని పూజించు కొడగు ప్రజల మాట వేరనవచ్చును. వారికి తెల్లదొరల కాలమునుండి మినహాయింపు ఉన్నది. 2019లో కేంద్ర ప్రభుత్వము దానిని 2029 వరకు పొడిగించెను. అయితే అది ఆయుధమును ఉంచుకొనుటకు చెందినదే గాని చేసి అమ్ముటకు చెందినది కాదు.

అదే 2019లో వచ్చిన సవరణ, లైసెన్సు లేక ఆయుధము చేసినను అమ్మినను కనీసము ఏడేండ్లు, గరిష్ఠముగా యావజ్జీవ కారాగారమును విధించెను. పరాయి ప్రభుత్వము మూడేండ్లతో సరిపెట్టిన నేరమిది. కట్టా తూటాకు బలియైనవాని తల్లికి ఈ కాఠిన్యము కాఠిన్యముగా తోచదు. ఆమె మాటను కాదనుట కష్టము.

ముంగేరులో నేడును రెండు విధముల పనివారు కలరు. లైసెన్సు గల కార్ఖానాలలో వేటతుపాకి గొట్టమునకు ఆకురాయి పట్టువారు కొందరు. ఊరి చాటున, పోలీసు రాకను చెవియొగ్గి వినుచు, ఆ గొట్టమునే చేయువారు కొందరు. పని ఒకటే. మొదటివాని గొట్టముపై ఒక పేరును, ఒక సంఖ్యయు ఉండును. రెండవవాని గొట్టము నున్నగా ఉండును.