సొంతంగా కూర్చుకునే లాప్‌టాప్‌కు ర్యామ్: కొనే ముందు ఏం చూడాలి?

డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను విడిభాగాలు కొని ఇంట్లోనే కూర్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. లాప్‌టాప్‌కు ఆ వెసులుబాటు ఈమధ్యే వచ్చింది. అమెరికాలో నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో తన మొదటి లాప్‌టాప్ తెచ్చింది. అందులో ‘డీఐవై ఎడిషన్’ అనే రకం ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లేకుండానే కొనొచ్చు. అవి మనమే వేరేగా కొని, డబ్బాలో వచ్చే స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవాలి. మన ఇళ్లకు ఇది ఎక్కువగా అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న బంధువుల చేతుల మీదుగా వస్తుంది. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొత్తవి వేయించుకోవడం. ఇంటర్ అయ్యి బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరిన పిల్లలున్న ఇళ్లలో ఇదే మామూలు దారి. ర్యామ్ ఎంచుకునే పద్ధతి రెండింటికీ ఒకటే.

సంగం లాంటి మండల కేంద్రంలో ఉండేవాళ్లకు ఇందులో పొరపాటు జరిగితే ఖర్చు ఎక్కువ. స్టిక్ మార్చుకోవాలంటే బస్సెక్కి నెల్లూరు వెళ్లాలి. అక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్, లేదా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదీ కాకపోతే ఆన్‌లైన్. పైగా ధరలు మునుపటిలా లేవు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు తరలిపోవడంతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. ‘క్రూషియల్’ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మిన మైక్రాన్, ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది.

ముందు బోర్డు, తర్వాతే ర్యామ్

ఏ ర్యామ్ వేయాలో తేల్చేది మనం కాదు, మదర్‌బోర్డు. లాప్‌టాప్‌లో వేసే పొట్టి స్టిక్‌ను ఎస్‌ఓ-డిమ్ అంటారు. డెస్క్‌టాప్ స్టిక్ పొడవు, ఇందులో పట్టదు. ఎస్‌ఓ-డిమ్‌లోనూ తరాలున్నాయి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాటు కూడా ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. కాబట్టి ఒక తరం స్టిక్ ఇంకో తరం స్లాట్‌లో కూర్చోదు. బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

ఫ్రేమ్‌వర్క్ 13లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇంటెల్ 11, 12, 13వ తరం బోర్డులకు డీడీఆర్4-3200 కావాలి. అదే బాడీలో పట్టే ఏఎండీ రైజెన్ 7040 బోర్డుకు డీడీఆర్5-5600 కావాలి. అంటే తర్వాత ఎప్పుడైనా బోర్డు మార్చుకుంటే పాత ర్యామ్ పనికిరాకపోవచ్చు. ‘అన్నీ మార్చుకోవచ్చు’ అన్న మాటలో ఈ ఖర్చు చాలామందికి కనపడదు.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకో చిక్కు ఉంది. పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. ఎల్‌పీడీడీఆర్ అని రాసి ఉంటే దాదాపు అదే అనుకోవాలి. 8 జీబీతో వస్తే చివరిదాకా 8 జీబీయే. కొన్నింటిలో కొంత సోల్డర్ చేసి, ఒక స్లాట్ ఖాళీగా ఉంచుతారు. అవి ఫర్వాలేదు. షాపులోనే తెలుసుకునే మార్గం ఉంది: విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, ఎంత వేగమో కనిపిస్తుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘ఎస్‌ఓ డిమ్’ అని ఉంటే స్టిక్ మార్చొచ్చు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే సోల్డర్ చేసిందే. అమ్మేవాడి మాట కంటే ఈ ఒక్క స్క్రీన్ మేలు.

డీడీఆర్3 కాలం నాటి లాప్‌టాప్‌కు ఇప్పుడు డబ్బు పెట్టడం దండగ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైవే అర్హం. అవి ఎక్కువగా డీడీఆర్4 మీద నడుస్తాయి. పాతది ఇంట్లో ఉంటే లినక్స్ వేసి చిన్నపిల్లల చదువుకు వాడుకోవచ్చు, అంతే.

ఎంత కావాలి?

విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ లెక్క. అది మొదలవడానికే సరిపోతుంది. పని చేయడానికి కాదు. వర్డ్, బ్రౌజర్, ఇన్‌పేజ్‌లో ఉర్దూ టైపింగ్, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ వరకు అయితే 8 జీబీతో గడుస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి 16 జీబీ కావాలి. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి 8 జీబీలో పాకుతాయి. 32 జీబీ అవసరం వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు వాడేవాళ్లకే. ఈ రేట్లలో ‘ముందుచూపుతో’ 32 తీసుకోవడం కంటే ఆ డబ్బు మంచి ఎస్‌ఎస్‌డీకి, బ్యాటరీకి పెట్టడం నయం.

ఒక స్టిక్‌నా, రెండా?

ఒక్కో స్టిక్ ప్రాసెసర్‌కు ఒక దారి లాంటిది. డీడీఆర్4-3200 స్టిక్ ఒకటి సెకనుకు 25.6 జీబీ డేటా పంపగలదు. రెండు వేస్తే 51.2. డీడీఆర్5-5600 అయితే ఒకదానికి 44.8, రెండింటికి 89.6. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా గేముల్లో, వీడియో పనిలో బాగా తెలుస్తుంది. వర్డ్‌లో తెలియదు.

అందుకే 16 జీబీ కావాలంటే రెండు 8లు మంచివని చెబుతారు. కానీ రెండు స్లాట్లూ నిండిపోతే రేపు పెంచుకోవాలంటే ఒకటి తీసి పక్కన పెట్టాలి. చదువు పనికే అయితే ఇప్పుడు ఒక 16 జీబీ వేసి, రేట్లు తగ్గాక ఇంకో 16 కలుపుకోవడం మేలు. గ్రాఫిక్స్ పని ఉంటే మొదటి నుంచే రెండు వేయాలి. 8, 16 కలిపినా చాలావరకు నడుస్తుంది. అయితే రెండు దారుల వేగం మొత్తం 24 జీబీకి అందదు. సోల్డర్ చేసిన 8 జీబీ పక్కన ఖాళీ స్లాట్ ఉంటే అందులో 8 జీబీ వేయడమే చక్కటి జోడీ.

స్టిక్కర్ చదవడం

స్టిక్ మీద చిన్న అక్షరాల్లో ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200ఏఏ’ అని ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4. పీసీ3ఎల్ అయితే తక్కువ వోల్టేజీ డీడీఆర్3. పీసీ4-25600 అని ఉన్నా 3200నే. మొదటిది సెకనుకు ఎన్ని ఎంబీ అన్న లెక్క. ఎక్స్ పక్కన అంకె అందరూ వదిలేస్తారు, అదే ముఖ్యం. డీడీఆర్4లో ‘ఎక్స్16’ అంటే నాలుగే పెద్ద చిప్‌లతో చేసిన చవక రకం. అదే సైజు ‘ఎక్స్8’ కంటే కొంచెం నెమ్మది. ధర తేడా స్వల్పమైతే ఎక్స్8 తీసుకోవాలి.

బోర్డు ఇచ్చే వేగం కంటే వేగమైన స్టిక్ కొంటే లాభం లేదు, తగ్గి నడుస్తుంది. ‘గేమింగ్’ ర్యామ్‌లో ఎక్స్‌ఎంపీ అని రాసిన వేగం చాలా లాప్‌టాప్‌లలో అసలు రాదు. డీడీఆర్5లో 5600, 1.1 వోల్టులు అన్న మామూలు స్టిక్కే సరైనది. బ్రాండు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. లోపలి చిప్‌లు చాలావరకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ఈ మూడింటివే.

బిగించాక

ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, చేతిని ఏదైనా ఇనుప వస్తువుకు తాకించి మొదలుపెట్టాలి. స్టిక్‌ను ఏటవాలుగా లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు క్లిప్‌లు టక్కుమంటాయి. ఒకే స్టిక్ అయితే బోర్డు మీద 0 అని గుర్తు ఉన్న స్లాట్‌లో పెట్టాలి.

డీడీఆర్5 వేసి మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌కు అలవాటు పడుతోందన్నమాట. దీన్ని ‘మెమరీ ట్రైనింగ్’ అంటారు. పాడైందనుకుని బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఛార్జర్ పెట్టి పది నిమిషాలు వదిలేయాలి.

తర్వాత ఆ రాత్రే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి తెల్లవార్లూ నడపాలి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్ మార్చాల్సిందే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. స్టిక్ మీది స్టిక్కర్ మాత్రం పీకకూడదు. అది పోతే వారంటీ అడిగే దారి ఉండదు.