కబుకి భవనం, సురభి డేరా

మా కళాశాలలో నాటక సాహిత్యం పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి జపాను కబుకి గురించి మాట్లాడినాడు. తెల్లరంగు పూసిన ముఖాలు, ప్రేక్షకుల మధ్యగా రంగస్థలానికి పోయే బాట, స్త్రీవేషం వేసే పురుషులు - అన్నీ అతనికి తెలుసు. జపాను బొమ్మల సినిమాల వల్ల తెలిసినవట. సంతోషించాను. సురభి నాటకం చూశావా అని అడిగితే ఆ పేరే వినలేదన్నాడు. హైటెక్ సిటీలో లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట, చందానగర్ దాటితే లింగంపల్లి. సురభి కుటుంబాలు స్థిరపడిన కాలనీ ఉన్నది అక్కడే.

జపానువారికి సంప్రదాయమంటే గౌరవమనీ, మనకది లేదనీ కొందరు ఒక్కమాటతో తేల్చివేస్తారు. చరిత్ర అట్లా లేదు. కబుకి 1603 ప్రాంతాన క్యోటోలో ఒకుని అనే స్త్రీ మొదలుపెట్టిన బజారు ఆట. 1629లో పాలకులు స్త్రీలను రంగస్థలం నుంచి వెళ్ళగొట్టారు. 1840 దశకం ఆరంభంలో, నేడు టోకియోగా మారిన యెదో నగరంలోని నాటకశాలలను ఊరి అంచుకు తరిమారు. 1887లో చక్రవర్తి స్వయంగా చూసిన తరువాత గాని ఆ ఆటకు పెద్దమనుషులలో పరువు కుదురుకోలేదు.

అందుకు రెండేళ్ళ ముందు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం కీచకవధ ఆడింది. అంతవరకు తోలుబొమ్మలాడిస్తూ ఊరూరా తిరిగిన కుటుంబాలవి. తెరవెనుక బొమ్మను ఆడించిన మనిషి తెరముందుకు వచ్చాడు. మన రంగస్థలంపై స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీవేషాలకు ప్రఖ్యాతులైన రోజులలో కూడా సురభిలో స్త్రీపాత్రలు స్త్రీలే ధరించారు. సంస్కర్తలు సభలు పెట్టి సాధించలేనిదానిని ఈ సంచార కుటుంబాలు కూటికోసం సాధించాయి. సమాజమూ కుటుంబమూ ఒకటే అయినప్పుడు కోడలిని ఇంట్లో కూర్చోబెట్టి అద్దెకు వేషగాడిని తేవడం కుదరని పని. తీగలమీద గాలిలో తేలే మనుషులు, వేదికమీద మంటలు, వాన - అన్నీ వాళ్ళు చేతులతో నడిపినవే.

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి సురభి కమలాబాయి. సినిమా సురభినుంచి నటిని తీసుకున్నది. సురభి ఆడే పురాణకథలనే తానూ ఆడింది. చివరకు ప్రేక్షకులనూ తీసుకున్నది. కాని సినిమాహాలు యజమాని వేరు, డేరా యజమాని వేరు. అక్కడ నిండిన గల్లాపెట్టె నుంచి ఇక్కడికి కానీ కూడా రాలేదు. ఒకనాడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు నేడు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

జపానులో జరిగింది వేరు. 1895లో పుట్టిన షోచికు సంస్థ నాటకశాలలను తన చేతిలోకి తెచ్చుకుని, 1920లో సినిమాలకూ దిగింది. నాటకమూ సినిమా ఒకే యజమాని సొత్తు గనుక ఒకటి రెండవదానిని మింగవలసిన అవసరం లేకపోయింది. సినిమాలో పేరు తెచ్చుకున్న నటుడు తిరిగి కబుకి ఆడితే లాభం అదే ఇంటికి చేరుతుంది. 2015లో పిల్లలు చదివే వన్ పీస్ బొమ్మల కథను కూడా కబుకిగా ఆడారు. టోకియోలోని కబుకిజా నాటకశాలను 2013లో మళ్ళీ కట్టి తెరిచినప్పుడు, దాని వెనుక ఇరవై తొమ్మిది అంతస్తుల కార్యాలయ భవనం లేపారు. మన మాదాపురంలోని అద్దాల మేడలవంటిదే. ఆ గదుల అద్దె ఈ నాటకానికి ఆధారం. దీనిని గౌరవమనండి, నేను లెక్కల పుస్తకమంటాను.

ఆ పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు. ఒకే సంస్థ పెత్తనం, వంశాలకు అంటిపెట్టుకున్న బిరుదులు, పెద్ద కబుకి వేదికపై స్త్రీకి నేటికీ దొరకని చోటు - ఇవి మనం అరువు తెచ్చుకోవలసినవి కావు. సురభికి కొత్త దోవ లేకపోలేదు. 1990 దశకంలో బి.వి. కారంత్ సురభి నటులతో బ్రెహ్ట్ నాటకానికి అనుసరణగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించాడు. పురాణ నాటకాల నటులు బస్తీ మనుషులై నిలిచారు. ఆ దోవన ముందుకు నడవడానికి కావలసిన సొంత వేదిక, సాగుబడి డబ్బు వారికి యెవరు ఇచ్చారు? 1992లో వెలసిన శిల్పారామం ఉన్నది. పిలిచిననాడు అక్కడ కళాకారులు ఆడి పోతారు. కబుకిజా తిరిగి తెరుచుకున్న ఆ 2013లోనే సురభి బాబ్జీగారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

ఈసారి సురభి నాటకం పడితే మా తరగతిని తీసుకుపోతానన్నాను. ఆ విద్యార్థి ఉచితమేనా అని అడిగాడు. టిక్కెట్టు యెవరిది వారే కొనుక్కోవాలని చెప్పాను.