అనంతపురం పల్లెల్లో పీర్ల పండగ

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడుకు ఏటా మొహర్రం నెలలో రాయలసీమ నలుమూలల నుంచీ, కర్ణాటక నుంచీ జనం వస్తారు. వాళ్లలో హిందువులే ఎక్కువ. వాళ్లు కొలిచే కుళ్లాయిస్వామి ఒక పీరు. ఆ ఊళ్లోనే ఆంజనేయస్వామి గుడి కూడా ఉంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు రెండు చోట్లా దండం పెట్టుకునే పోతారు. కుళ్లాయి అంటే టోపీ. పారశీక ‘కులాహ్’ నుంచి వచ్చిన ఈ మాట విజయనగర కాలానికే తెలుగులో కుదురుకుంది; శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటుపద్యంలో రాజుగారి కొలువుకు వేసుకెళ్లిన వేషంలో అదీ ఒక భాగం. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అనే పేర్లు ఈ జిల్లాలో ఏ కులంలోనైనా వినిపిస్తాయి.

ఈ పండగకు మూలం ఒక చావు. క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుసేను, ఆయన వెంట ఉన్న కొద్దిమందీ దప్పికతో పోరాడి చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఏటా తలచుకునే ఆచారం షియాలది. దక్కనులో దానికి రాజాశ్రయం దొరికింది. బీజాపూరులో యూసుఫ్ ఆదిల్‌షా 1502లో షియా మార్గాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. గోల్కొండ కుతుబ్‌షాహీలూ షియాలే. మహమ్మద్ కులీ ఆ సంతాపం కోసం 1590ల్లో హైదరాబాదులో బాద్‌షాహీ ఆశూర్‌ఖానా కట్టించాడు. 1565లో విజయనగరం పడిపోయాక రాజధాని పెనుకొండకు చేరింది. 17వ శతాబ్దం నడిమికి సీమలో చాలా భాగం ఈ రెండు రాజ్యాల చేతుల్లోకి పోయింది. పెనుకొండ బాబయ్య దర్గా వంటి చోట్ల సూఫీల మీద భక్తి అప్పటికే వేళ్లూనుకుని ఉంది.

కోటల నుంచి పల్లెకు వచ్చేసరికి ఆచారం రూపం మారింది. ఆశూర్‌ఖానాలో నిలిపే లోహపు గుర్తును ‘అలం’ అంటారు. అది యుద్ధంలో పట్టే జెండాకు గుర్తు. పల్లె దాన్ని పీరు అని పిలిచింది. జెండా స్వామి అయింది: దట్టీలు కట్టించుకుంటుంది, ఊదు పొగ వేయించుకుంటుంది, ఎత్తుకున్నవాడి ఒంటి మీదికి వస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. చేతి ఆకారంలోని అయిదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసను, హుసేనులకు గుర్తులు. కర్బలాలోనే పెళ్లికొడుకైనాడని చెప్పుకునే కాసీముకు పల్లెల్లో పెళ్లి వేడుక కూడా చేస్తారు. ఏడుపు పండగగా మారడమంటే ఇదే. దీన్ని వక్రీకరణ అనడం సరికాదు. పరాయి ఊరి దుఃఖాన్ని తన ఇంట్లోకి తెచ్చుకోవడానికి పల్లెకు తెలిసిన దారి అది.

నెలవంక కనబడగానే పీర్లను నిలిపే చావిడి ముందు గుద్దలి వేసి నిప్పుల గుండం తవ్వుతారు. దక్కను మొహర్రంలోని ఈ తంతులనూ వేషాలనూ ఏలూరు ప్రాంతంవాడైన జాఫర్ షరీఫ్ వివరంగా రాశాడు. ఆ ‘కానూన్-ఎ-ఇస్లాం’ను హెర్క్లాట్స్ ఇంగ్లీషులోకి తేగా 1832లో అచ్చయింది. గుండం తొక్కడం ఇక్కడివాళ్లకు కొత్తగా నేర్పవలసిన పని కాదు. వీరభద్రుడికీ ద్రౌపదమ్మకూ నిప్పులు తొక్కే మొక్కు దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉన్నదే. పీర్ల రాకతో ఆ మొక్కుకు మరో దేవుడు దొరికాడు.

పండగ తేదీ నిలకడగా ఉండదు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి మొహర్రం ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నీ తిరిగి వస్తుంది. 2009లో పదో రోజు జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పడింది. 2024లో జులైలో, వేరుశనగ విత్తే అదనులో వచ్చింది. సంక్రాంతి, ఏరువాక పున్నమి అలా కాదు, సేద్యంతో ముడిపడిన పండగలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ మెట్టనేలలో పంట ఎండిన ఏడు వాటికి కళ ఉండదు. పీర్ల పండగకు పంటతో పనిలేదు. చక్కెర చదివించడానికీ, బెల్లం కలిపిన మలీద ముద్దకూ పేదవాడి చేతిలో ఉన్నది చాలు. కరువుసీమలో ఇది ఇంత గట్టిగా నిలవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి.  అయితే పీర్లను ఎత్తడం ఇస్లాముకు విరుద్ధమనే సంస్కరణవాదుల వాదన కూడా పల్లెల్లో వినిపిస్తూనే ఉంది.

పదో రోజు పీర్లు జలధికి పోతాయి. వంక దగ్గరో బావి దగ్గరో దట్టీలు విప్పి, కడిగి, బట్టలో చుట్టి పెట్టెలో పెడతారు. గుండాన్ని మన్నుతో పూడ్చేస్తారు. మళ్లీ నెలవంక కనబడేదాకా పెట్టె తెరవరు.